తుపాకీ ఎక్కడ పెట్టావు, అన్నయ్యా?

టెక్సస్‌లో డాలస్ నగరానికి ఉత్తరాన ఫ్రిస్కో అనే ఊరుంది. సాయంత్రం వీధిలో నడకకు బయల్దేరితే తెలుగు మాట చెవిన పడకుండా తిరిగి ఇంటికి రాలేం. మా అన్నగారి అబ్బాయి అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. నేను పల్నాడు నుంచి వచ్చి మూడు వారాలైంది. ఆ ఆదివారం పొద్దున్న వాడి చెల్లెలు తన ఏడేళ్ళ కూతుర్ని తీసుకుని వచ్చింది. ఒక చేతిలో పులిహోర డబ్బా, ఇంకో చేతిలో పిల్ల చెయ్యి. చెప్పులు విప్పలేదు. గుమ్మంలో నిలబడే అడిగింది: "అన్నయ్యా, తుపాకీ ఎక్కడ పెట్టావు?"

వాడి మొహం చిన్నబోయింది.

అన్నకు డాలస్ దక్షిణం వైపు ఒక గ్యాస్ స్టేషను, దాన్ని ఆనుకుని దుకాణం ఉన్నాయి. పదహారేళ్ళుగా నడుపుతున్నాడు. చెల్లెలు ఆసుపత్రిలో ఎమర్జెన్సీ డాక్టరు. చిన్నప్పుడు ఒకే కంచంలో తిన్న పిల్లలు. ఆ రోజు మధ్యాహ్నం దాకా వాళ్ళు వాదించుకున్నది, వాళ్ళ ఒప్పుదలతోనే, ఇక్కడ రాస్తున్నాను. నేను మధ్యలో దూరిన చోట్లు కూడా దాచలేదు.

అన్న: ఇంటికొచ్చిన ఆడపడుచు మంచినీళ్ళడుగుతుంది. నువ్వు తుపాకీ అడుగుతున్నావు.

చెల్లెలు: మంచినీళ్ళు తర్వాత తాగుతాలే. ఇది రెండు నిమిషాల్లో మేడ మీదికి పరిగెడుతుంది. నీ మంచం పక్క సొరుగులో ఉందా, ఇంకెక్కడైనా పెట్టావా?

అన్న: సొరుగులోనే. అయినా నా గదిలోకి దానికేం పని?

చెల్లెలు: పోయినసారి చాక్లెట్లు దొరికింది ఆ సొరుగులోనే.

వాడు మారు మాట్లాడకుండా పైకి వెళ్ళాడు. దిగి వచ్చి గరాజులోకి వెళ్ళాడు. తిరిగొచ్చి, "కారులో పెట్టి తాళం వేశాను, చాలా?" అన్నాడు. చాల్లేదు.

చెల్లెలు: కారులోనా? ఈ దేశంలో తుపాకులు ఎక్కువగా దొంగతనానికి పోయేది కార్లలోంచే. నువ్వు దొంగకు భయపడి కొన్నావు. రేపు అద్దం పగలగొట్టి ఆ దొంగే దాన్ని పట్టుకుపోతాడు. అదే నీ దుకాణానికి తిరిగొస్తుంది, నీ మీదికే గురి పెట్టి.

అన్న: బాబాయ్, చూశారా? దొంగను వదిలేసి నన్ను దబాయిస్తోంది. ఈ దేశంలో అందరి వరసా ఇదే. చట్టం చేస్తే దానికి తలవంచేది నాలాంటివాడు. దొంగ చట్టం చదివి తుపాకీ కొంటాడా? నేను కొన్నప్పుడు 4473 అనే ఫారం నింపాను. మీద కేసులున్నాయా, మత్తుమందులు వాడతావా, పౌరుడివా, ఇక్కడికి ఎలా వచ్చావు, అన్నీ అడిగారు. ఎఫ్‌బీఐ వాళ్ళ కంప్యూటర్లో నా పేరు వెతికారు. రాష్ట్రం ఇచ్చే లైసెన్సు కోసం తరగతిలో కూర్చున్నాను, యాభై గుండ్లు కాల్చి పరీక్ష నెగ్గాను. నా మీదికి తుపాకీ పట్టుకొచ్చినవాడు ఇందులో ఏ ఒక్కటైనా చేశాడంటావా?

నేను: ఎప్పుడు జరిగిందిరా?

అన్న: ఆరేళ్ళయింది బాబాయ్. రాత్రి పదకొండున్నర దాటింది. షట్టరు దించబోతున్నాను. మొహానికి గుడ్డ కట్టుకున్నవాడొకడు వచ్చాడు. తుపాకీ నల్లగా ఏమీ లేదు. చేతి పట్టు దగ్గర తెల్ల టేపు చుట్టి ఉంది, ఆసుపత్రిలో కట్టు కట్టే టేపులాంటిది. ఇవాళ్టికీ నాకు కళ్ళకు కట్టేది వాడి కళ్ళు కాదు, ఆ టేపే. గల్లాపెట్టె తీసి ఇచ్చాను. వాడు వెళ్ళాక 911కి ఫోను చేశాను. పోలీసులు పద్నాలుగు నిమిషాలకు వచ్చారు. మంచివాళ్ళే, మర్యాదగా మాట్లాడారు, కాగితం రాసుకున్నారు. కానీ ఆ పద్నాలుగు నిమిషాలు నావి. నాకు ఆ పూట దిక్కెవరు?

చెల్లెలు మాట్లాడలేదు. ఈ సంగతి తనకు తెలుసు. కానీ టేపు సంగతి అప్పుడే విన్నదని మొహం చూస్తే అర్థమైంది.

అన్న: పైగా పోలీసులు నన్ను కాపాడి తీరాలని రాజ్యాంగంలో లేదు. నేను చెప్పేది కాదు, 2005లో క్యాసిల్ రాక్ కేసులో వీళ్ళ సుప్రీం కోర్టు చెప్పిన మాట. యువాల్డీలో ఏం జరిగింది? 2022 మే 24న బడిలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చచ్చిపోయారు. పోలీసులు గంటకు పైగా వరండాలో నిలబడ్డారు. ఆయుధాలు ఉండి, కవచాలు తొడుక్కుని నిలబడ్డారు. ఆ తల్లిదండ్రుల్ని అడుగు, ప్రభుత్వం చూసుకుంటుంది, మీరు చేతులు ముడుచుకోండి అని.

చెల్లెలు: యువాల్డీని ఇద్దరం రెండు వైపుల నుంచీ లాక్కోవచ్చు అన్నయ్యా. అక్కడ కాల్చినవాడికి పద్దెనిమిదేళ్ళు నిండి వారమే అయింది. వాడు తుపాకీని దొంగతనం చెయ్యలేదు. దుకాణంలో డబ్బిచ్చి కొన్నాడు, నీలాగే ఫారం నింపి. తుపాకీలు పట్టుకున్న పోలీసులు గుమ్మంలోనే ఆగిపోవడానికి కారణం కూడా ఆ తుపాకీయే. అంత భయంకరమైన ఆయుధం లోపల ఉంది కాబట్టే వాళ్ళ కాళ్ళు కదల్లేదు.

అన్న: అయితే వైట్ సెటిల్‌మెంట్ సంగతి చెప్పు. 2019 డిసెంబరు 29, ఇక్కడికి గంట దూరం. చర్చిలో ప్రార్థన జరుగుతుంటే ఒకడు లేచి ఇద్దర్ని కాల్చి చంపాడు. ఆరు సెకన్లలో ఆ చర్చి మనిషే, తుపాకీ ఉన్నవాడు, వాణ్ణి పడగొట్టాడు. ఆ ఆరు సెకన్లు అరవై అయ్యుంటే ఎంతమంది పోయేవాళ్ళు? అంతకుముందు 1991లో కిలీన్ ఊళ్ళో, లూబీస్ అనే హోటల్లో 23 మందిని కాల్చాడొకడు. సుజానా హప్ అనే ఆవిడ ఆ రోజు తన తుపాకీని కారులో వదిలి లోపలికి వెళ్ళింది, వెంట ఉంచుకోవడం అప్పట్లో చట్ట విరుద్ధం కాబట్టి. కళ్ళ ముందే తల్లీ తండ్రీ పోయారు.  1995లో ఈ రాష్ట్రం తుపాకీ వెంట ఉంచుకోవడానికి లైసెన్సులిచ్చే చట్టం చేసిందంటే, దాని వెనక ఆవిడ శోకం ఉంది. ఆ తర్వాత ఆవిడ శాసనసభకు ఎన్నికైంది.

ఇక్కడ నేను ఒక మాట చెప్పాలి. తుపాకీ వద్దనేవాళ్ళ మాటల్లో తరచూ ఒక లోపం కనిపిస్తుంది. కావాలనేవాడు హింసను ప్రేమించేవాడని అనుకుంటారు. సుజానా హప్ కథ విన్నాక అలా అనడం అన్యాయం.

చెల్లెలు: ఆవిడ బాధను నేను తక్కువ చెయ్యను. కానీ అలెన్ మాల్ సంగతి కూడా చూడు. మనకు ఇరవై నిమిషాల దూరం. 2023 మే 6, శనివారం. ఎనిమిది మంది పోయారు. వాళ్ళలో మన తెలుగమ్మాయి ఉంది, ఇంజనీరు. నువ్వు కోరుకునే మంచి మనిషి, తుపాకీ ఉన్నవాడు, అక్కడే ఉన్నాడు. వేరే పని మీద వచ్చిన పోలీసు ఆయన. చప్పుడు వినగానే పరిగెత్తి, కొద్ది నిమిషాల్లోనే హంతకుణ్ణి మట్టుపెట్టాడు. ఆయన చేసింది వీరుడి పనే. అయినా ఎనిమిది మంది. ఇంతకంటే త్వరగా ఎవరొస్తారు?

అన్న: తుపాకీ లేకపోతే కత్తి పట్టుకొస్తాడు. చంపాలనుకున్నవాడికి ఆయుధం కరువా? బాబాయ్, మీరే చెప్పండి. మన పల్నాట్లో ఇంటింటికీ తుపాకులున్నాయా? ముఠా తగాదాల్లో మనుషులు చావలేదా? నాటుబాంబులు, వేటకొడవళ్ళు. రాయలసీమలోనూ అంతే. చట్టం తుపాకీని ఆపింది గానీ చావును ఆపిందా?

నేను: ఆపలేదు, నిజమే. మా ఊళ్ళో రచ్చబండ దగ్గర బాంబుల మరకలున్న గోడను మొన్నమొన్నటి దాకా చూశాను. కానీ ఒకటుందిరా. ఆ హత్యలకు పదిమంది కలవాలి, కాపు కాయాలి, బాంబులు చుట్టేవాణ్ణి పిలిపించాలి. సారా పంచాలి. ఒక్కడికి కోపం వచ్చినంత మాత్రాన అయ్యే పని కాదు.

చెల్లెలు: అదే నేను చెప్పబోయేది, బాబాయ్. 2012 డిసెంబరు 14. అదే రోజు రెండు బళ్ళలో రెండు ఘోరాలు. చైనాలో హెనాన్ రాష్ట్రంలో ఒకడు కత్తితో బడి మీద పడ్డాడు, ఇరవై మందికి పైగా పిల్లలు గాయపడ్డారు. ఇక్కడ కనెక్టికట్‌లో శాండీ హుక్ బళ్ళో ఒకడు తుపాకీతో వెళ్ళాడు. ఇరవై మంది పిల్లలు, ఆరుగురు పెద్దలు చనిపోయారు. చైనా పిల్లల్లో ఒక్కరూ చనిపోలేదు. ఇద్దరిలోనూ దుర్మార్గం ఒకటే. చేతిలో ఉన్నది వేరు.

అన్న: అది ఒక్క రోజు లెక్క. నేను ముప్ఫై ఏళ్ళ లెక్క చెప్తాను. 1991లో ఈ దేశంలో లక్షమందికి 9.8 హత్యలు. 2014 నాటికి 4.4. ఆ ఇరవై మూడేళ్ళలో తుపాకులు తగ్గాయా? కోట్లు కోట్లు పెరిగాయి. జనం చేతుల్లో 39 కోట్లకు పైగా ఉన్నాయని అంచనా, జనం 33 కోట్లే. మొన్న కూడా చూడు. 2021లో తుపాకీతో జరిగిన హత్యలు 20,958. 2023కి 17,927. మూడు వేలు తగ్గాయి. తుపాకులు ఎవరైనా లాక్కున్నారా? తుపాకుల వల్లే నేరం అయితే ఈ లెక్క కుదరదు.

దీనికి జవాబు ఏం చెప్తుందా అని నేను ఎదురుచూశాను. నిజానికి ఈ ఒక్క లెక్క చూసే ఎంతోమంది ఈ వాదన అయిపోయిందనుకుంటారు.

చెల్లెలు: కుదరదు. తుపాకుల వల్ల నేరం పుడుతుందని నేను అనలేదు. నేరాలు పెరగడానికీ తగ్గడానికీ సవాలక్ష కారణాలుంటాయి. ఉద్యోగాలు, మత్తుమందులు, పోలీసుల పద్ధతులు, జైళ్ళు, పడుచువాళ్ళ సంఖ్య. జిమ్రింగ్, హాకిన్స్ అని ఇద్దరు నేరశాస్త్ర పండితులు 1997లో ఒక పుస్తకం రాశారు. దాని పేరే 'నేరం అసలు సమస్య కాదు' అని. వాళ్ళు తేల్చింది ఏమిటంటే, దొంగతనాలు, దోపిడీలు, కొట్లాటలు లండన్‌లోనూ ఉన్నాయి, న్యూయార్క్‌లోనూ ఉన్నాయి, పెద్ద తేడా లేదు. తేడా అంతా చావులోనే. అక్కడ దోపిడీ చేస్తే పర్సు పోతుంది. ఇక్కడ పర్సుతోపాటు ప్రాణం పోతుంది. తుపాకీ నేరాన్ని పుట్టించదు అన్నయ్యా. పుట్టిన నేరాన్ని చావుగా మారుస్తుంది.

ఈ మాట నా మనసుకు తగిలింది. ఇంతకాలం ఇద్దరు మనుషులు ఒకే ప్రశ్నకు రెండు జవాబులు చెప్తున్నారనుకున్నాను. కాదు, అడిగే ప్రశ్నలే రెండు. అన్న అడిగేది, నేరం ఎందుకు జరుగుతుంది అని. చెల్లెలు అడిగేది, జరిగాక మనిషి ఎందుకు బతకలేదు అని.

చెల్లెలు: 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఓలేతేలో మన తెలుగు ఇంజనీరును చంపారు కదా. ఆ హంతకుణ్ణి ముందు బారులోంచి బయటికి పంపేశారు. మనిషిలో ద్వేషం ఉంది, మత్తు ఉంది, అవమానం ఉంది. తుపాకీ తెచ్చుకుని మళ్ళీ లోపలికొచ్చాడు. ఆ ద్వేషాన్ని ఏ చట్టమూ తీసెయ్యలేదు. కానీ ఆ పూట వాడి చేతికి అది అందకుండా ఉంటే? తిట్టి వెళ్ళేవాడు, మహా అయితే ఒక గుద్దు గుద్దేవాడు.

అన్న: అందకుండా చెయ్యాలంటే అందరి దగ్గరా లాక్కోవాలి. ఆస్ట్రేలియా చేసింది. 1996లో పోర్ట్ ఆర్థర్‌లో 35 మంది పోయాక ఆరున్నర లక్షల తుపాకులు డబ్బిచ్చి కొని కరిగించారు. ఆత్మరక్షణ కోసం అంటే అక్కడ లైసెన్సు రాదు. ఇక్కడ 39 కోట్లు. ఎవరు లాక్కుంటారు? ఎవరి దగ్గర ముందు లాక్కుంటారు? చరిత్ర చూడు. 1956లో మాంట్‌గోమరీలో మార్టిన్ లూథర్ కింగ్ ఇంటి మీద బాంబు వేశారు. ఆయన తుపాకీ లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకుంటే ఇవ్వలేదు. అధికారి ఇష్టం మీద లైసెన్సు అంటే అర్థం అదే. మన దేశంలో? 1878లో తెల్లవాళ్ళు ఆయుధ చట్టం తెచ్చారు. తెల్లవాడికి లైసెన్సు అక్కర్లేదు, మనకు కావాలి. నిరాయుధుల్ని చేశాకే ఏలడం తేలిక.

నేను: ఆ మాట కాంగ్రెసువాళ్ళూ అన్నారు. 1931 కరాచీ తీర్మానంలో పౌరులు నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు రాసుకున్నారు. రాజ్యాంగ సభలో కామత్ గారు ఆ హక్కును చేర్చమని సవరణ కూడా పెట్టారు. అంబేద్కర్ ఒప్పుకోలేదు, సవరణ వీగిపోయింది. 1959లో కొత్త ఆయుధ చట్టం వచ్చింది. ఆ చట్టం కింద మా నాన్నకు, అంటే మీ తాతయ్యకు, లైసెన్సు వచ్చింది. లైసెన్సులు ఎలా వచ్చేవో కూడా తెలుసు నాకు. పలుకుబడి ఉన్నవాడికి వారంలో, లేనివాడికి ఏళ్ళ తరబడి. వాడు చెప్పింది అబద్ధం కాదమ్మా.

చెల్లెలు: అబద్ధమని నేనూ అనను. అధికారి దయ మీద ఇచ్చే లైసెన్సు నాకూ అక్కర్లేదు. న్యూయార్క్‌లో 1913 నుంచీ ఉన్న అలాంటి నిబంధనను 2022లో సుప్రీం కోర్టు కొట్టేసింది. నేనడిగేది కారు లైసెన్సులాంటిది. పరీక్ష నెగ్గితే ఎవరికైనా ఇచ్చి తీరాలి, నెగ్గకపోతే ఇవ్వకూడదు. కనెక్టికట్‌లో 1995లో పెట్టారు. చిన్న తుపాకీ కొనాలంటే ముందు పర్మిట్, శిక్షణ, విచారణ. మిస్సోరీలో అలాంటి పర్మిట్ ఎప్పటి నుంచో ఉండేది, 2007లో తీసేశారు. జాన్స్ హాప్‌కిన్స్ వాళ్ళు లెక్క కట్టారు. మిస్సోరీలో ఆ తర్వాతి ఏళ్ళలో ఏడాదికి 55 నుంచి 63 అదనపు హత్యలు. కనెక్టికట్‌లో తుపాకీ హత్యలు తగ్గాయి. ఒక పర్మిట్ కాగితం, కొన్ని రోజుల ఆలస్యం. అంతే తేడా.

అన్న: జాన్ లాట్ పుస్తకం కూడా లెక్కలతోనే రాశాడు, 1998లో. మామూలు జనం తుపాకీ వెంట ఉంచుకునే రాష్ట్రాల్లో నేరం తగ్గిందని.

చెల్లెలు: రాశాడు. 2004లో జాతీయ పరిశోధనా మండలి ఆ లెక్కలన్నీ మళ్ళీ వేసి చూసింది, అలా తేల్చడానికి ఆధారం చాలదంది. తర్వాత స్టాన్‌ఫోర్డ్ ప్రొఫెసర్ డోనహ్యూ ఇంకా ఎక్కువ ఏళ్ళ లెక్కలు తీశాడు. ఆ చట్టాలు వచ్చిన పదేళ్ళకు హింసాత్మక నేరాలు, చట్టం రాకపోతే ఉండేదానికంటే 13 నుంచి 15 శాతం ఎక్కువగా ఉన్నాయన్నాడు. నా వైపు బలహీనతా చెప్తాను విను. 'అసాల్ట్ వెపన్స్' అనే కొన్ని రకాల తుపాకుల మీద 1994 నుంచి 2004 దాకా నిషేధం పెట్టారు. దానివల్ల హత్యలు తగ్గాయని గట్టిగా రుజువు కాలేదు. రాండ్ సంస్థ అన్ని అధ్యయనాలనూ జల్లెడ పట్టింది. గట్టి రుజువు దొరికింది కొన్నింటికే. అందులో అన్నిటికంటే గట్టిది ఏదో తెలుసా? పిల్లలకు అందకుండా తాళం వెయ్యమనే చట్టం.

అన్న: అంటే తిరిగి తిరిగి నా సొరుగు దగ్గరికే వచ్చావు.

చెల్లెలు: అక్కడి నుంచి నేను కదల్లేదు.

వదిన, అంటే మా కోడలు, అప్పటికి ఉప్మా ప్లేట్లు తెచ్చి పెట్టింది. ఎవరూ ముట్టుకోలేదు. పాప కింద కూర్చుని రంగు పెన్సిళ్ళతో ఏనుగును గీస్తోంది. చెల్లెలు దానికి వినపడకుండా గొంతు తగ్గించింది.

చెల్లెలు: 2023లో ఈ దేశంలో తుపాకీతో పోయినవాళ్ళు 46,728 మంది. అందులో హత్యలు ఎన్నో నువ్వే చెప్పావు. ఆత్మహత్యలు 27,300. దొంగ గురించి మనం ఇంతసేపు వాదించుకున్నాం. తుపాకీ చంపేది ఎక్కువగా దాన్ని కొనుక్కున్న ఇంటివాళ్ళనే. పోయిన చలికాలం ఒక కుర్రాణ్ణి తెచ్చారు. పదిహేడేళ్ళు. పరీక్షలో ఏదో తప్పాడట, ఇంట్లో మాటా మాటా వచ్చిందట. బతికించలేకపోయాం. వాళ్ళ నాన్న బయట బల్ల మీద కూర్చున్నాడు. చొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకుని ఉన్నాడు, అర్ధరాత్రి తొడుక్కుని వచ్చాడు కదా. నేను వెళ్ళి చెప్పాను. ఆయన ఏడవలేదు. "దొంగల కోసం కొన్నాను, డాక్టర్," అన్నాడు. రెండుసార్లు అన్నాడు.

కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

అన్న: కానీ అది నేరం కాదమ్మా. చావాలనుకున్నవాడు ఏదో ఒకటి చూసుకుంటాడు.

చెల్లెలు: ఈ మాట పల్నాడువాళ్ళం మనం అనకూడదు అన్నయ్యా. మన పత్తి రైతుల ఇళ్ళల్లో ఏం జరిగిందో మరిచిపోయావా? పురుగుమందు డబ్బా గుమ్మం పక్కనే ఉండేది. శ్రీలంక 1995లో ప్రాణాంతకమైన పురుగుమందుల్ని నిషేధించింది. పదేళ్ళలో ఆ దేశంలో ఆత్మహత్యలు దాదాపు సగమయ్యాయి. వాళ్ళంతా వేరే దారి చూసుకోలేదు, బతికారు. ప్రయత్నం చేసి బతికి బయటపడ్డవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది మళ్ళీ ఆ దారిన చావరు. ఆ ఘడియ దాటిస్తే చాలు. తుపాకీ ఆ ఘడియ దాటనివ్వదు.

నాకు మా ఇంటి తుపాకీ గుర్తొచ్చింది. ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి అప్పుడు చెప్పాను.

నేను: మీ తాతయ్యది రెండు గొట్టాల తుపాకీ. జొన్న చేలో అడవిపందుల కోసం తెచ్చుకున్నాడు. నడిమింట్లో గోడకు రెండు మేకుల మీద ఉండేది, కొబ్బరినూనె వాసన వేసేది. ఎన్నికలొస్తే స్టేషనులో అప్పజెప్పి రసీదు తెచ్చుకునేవాడు. ఆ రసీదు పంచాంగంలో పెట్టేవాడు. తూటాలు మాత్రం భోషాణంలో ఉండేవి. భోషాణం తాళంచెవి మీ నాయనమ్మ బొడ్లో. అలా ఎవరు ఏర్పాటు చేశారో తెలీదు, నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అంతే. ఒక రోజు గట్టు తగాదా వచ్చింది, పొలం పక్కవాడితో. నాన్న చేలోంచి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మోకాళ్ళ దాకా బురద. గోడ మీది తుపాకీ తీశాడు. "తాళంచెవి ఇలా తే," అన్నాడు. అమ్మ జవాబు చెప్పలేదు. కాదనలేదు కూడా. పెరటి తలుపు తీసుకుని గొడ్ల పాకలోకి వెళ్ళిపోయింది. చీకటి పడేదాకా రాలేదు. నాన్న తుపాకీ ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. నేను స్తంభం చాటున నిలబడి చూశాను. దీపాలవేళకు లేచి మళ్ళీ మేకుల మీద పెట్టేశాడు. ఆ పక్క పొలం ఆయన మా అక్క పెళ్ళికి వచ్చి పెత్తనం చేశాడు.

అన్న చాలాసేపు ఏనుగు బొమ్మ వైపు చూస్తూ ఉండిపోయాడు.

అన్న: నాయనమ్మ ఊళ్ళో దొంగ రాత్రి పదకొండున్నరకు రాడు బాబాయ్. తాళం తీసి, తూటాలు నింపుకునే దాకా నా దొంగ ఆగడు.

చెల్లెలు: ఆగడు, ఒప్పుకుంటాను. అందుకే దుకాణంలో నీ నడుముకు ఉండే తుపాకీ గురించి నేనొక్క మాటా అనలేదు. నీ ఒంటి మీద ఉన్నంతసేపూ అది నీ చేతిలో ఉన్నట్టే. ఇంటికొచ్చాక ఎవరి చేతిలో ఉంటుంది? అంకెలు నొక్కితే రెండు మూడు సెకన్లలో తెరుచుకునే చిన్న ఇనప్పెట్టెలు వచ్చాయి. నీ వేళ్ళకు రెండు సెకన్లు. పాపకు, మీ అబ్బాయి స్నేహితులకు, కారు దొంగకు అది ఎప్పటికీ తెరుచుకోదు.

అన్న: నేను తుపాకీ వదులుకోను.

చెల్లెలు: వదులుకోమనలేదు.

అన్న: ఒక మాట మాత్రం చెప్తాను. 2021 సెప్టెంబరు నుంచి ఈ రాష్ట్రంలో ఇరవై ఒకటి నిండిన వాడెవడైనా, కేసులు లేకపోతే చాలు, లైసెన్సు లేకుండానే తుపాకీ వెంట పెట్టుకు తిరగొచ్చు. తరగతి లేదు, పరీక్ష లేదు. అది నాకూ నచ్చలేదు. నేను గురి చూడ్డం నేర్చుకోవడానికి నెల పట్టింది. ఏమీ నేర్వనివాడు నా దుకాణంలో నన్ను కాపాడతానని తుపాకీ తీస్తే నాకు దొంగకంటే వాడంటేనే భయం.

వాడి నోట ఆ మాట వస్తుందని నేను అనుకోలేదు. చెల్లెలూ అనుకోలేదు. అక్కడితో వాదన ఆగింది. ఇద్దరూ ఒకటయ్యారని చెప్పను, కాలేదు. లైసెన్సు ఎవరివ్వాలి, ఎంత కఠినంగా ఉండాలి అనే దగ్గర సాయంత్రం మళ్ళీ మొదలుపెట్టారు. ఉప్మా మాత్రం వేడి చేసుకుని తిన్నారు.

నా తీర్పు అడిగితే, అన్నకు తన దుకాణంలో ప్రాణం కాపాడుకునే హక్కు ఉంది. ఆ హక్కును వెక్కిరించేవాళ్ళు పద్నాలుగు నిమిషాలు ఒంటరిగా నిలబడి చూడాలి. కానీ కోపానికీ ట్రిగ్గరుకూ మధ్య అడ్డం లేని ఇల్లు క్షేమమైన ఇల్లు కాదు. ఆ అడ్డం పర్మిట్ కావచ్చు, మూడు రోజుల ఆలస్యం కావచ్చు, ఇనప్పెట్టె కావచ్చు, మా అమ్మ బొడ్లోని తాళంచెవి కావచ్చు. అది ఉన్నచోట మనుషులు బతుకుతున్నారని మిస్సోరీ, కనెక్టికట్ లెక్కలు చెప్తున్నాయి. మా ఇంటి అరుగు కూడా నాకు అదే చెప్పింది. కాబట్టి నేను చెల్లెలి వైపే.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు, వాళ్ళ తల్లిదండ్రులకు కొన్ని మాటలు. ఎఫ్-1, హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు, వేట లైసెన్సులాంటి కొద్ది మినహాయింపులు తప్ప, తుపాకీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. స్నేహితుడిది కదా అని చేతిలోకి తీసుకోకండి. 2024 నవంబరులో అట్లాంటాలో ఒక తెలంగాణ విద్యార్థి తన తుపాకీని శుభ్రం చేసుకుంటుండగానే అది పేలి చనిపోయాడు. గ్రీన్ కార్డు, పౌరసత్వం ఉండి తుపాకీ కొనుక్కున్నవాళ్ళు దాన్ని తాళంలో పెట్టండి, తూటాలు వేరే తాళంలో పెట్టండి. టెక్సస్‌లో అజాగ్రత్తగా వదిలేసిన, తూటాలు నింపిన తుపాకీ పదిహేడేళ్ళలోపు పిల్లల చేతికి చిక్కితే అదీ నేరమే. ఇంట్లో ఎవరైనా మనసు చెదిరి ఉన్నారనిపిస్తే ఆ కొన్ని నెలలూ తుపాకీని ఇంటి నుంచి బయటికి పంపించెయ్యండి. 988కి ఫోను చేస్తే ఏ వేళప్పుడైనా మాట్లాడేవాళ్ళుంటారు.

మీ పిల్లల్ని ఆడుకోవడానికి ఎవరింటికి పంపినా, వాళ్ళు సొంత అన్నదమ్ములే అయినా, ముందు ఫోను చేసి అడగండి: మీ ఇంట్లో తుపాకీ ఉందా, ఉంటే ఎక్కడ పెట్టారు? ఏమైనా అనుకుంటారేమోనని మొహమాటపడకండి.